శ్రీనూకి, కోడ్ ఫార్మాటర్ గురించి

ఒరేయ్ శ్రీనూ,

నీ మెయిల్ చదివాక మనసు ఊరుకోలేదు. కొత్త టీమ్‌లో కోడ్ రివ్యూ కామెంట్లలో సగం "ఇక్కడ స్పేస్ పెట్టండి", "సింగిల్ కోట్ వద్దు" అనేవేనన్నావు. అంత చదువుకున్నవాళ్ళు కామాల దగ్గర పోట్లాడుకుంటుంటే లాజిక్ ఎవరు చూస్తున్నట్టు? నా మాట విని బ్లాక్ (Black) పెట్టెయ్, పైథాన్ కోడ్‌లో ఖాళీలు, కోట్లు అన్నీ తనే ఒకే తీరుగా సర్దేసే ఫార్మాటర్ అది.

బ్లాక్‌లో మార్చుకునే ఆప్షన్లు చాలా తక్కువ. నాకు నచ్చేది అదే, వాదించడానికి ఏమీ మిగలదు. లైనుకి 88 అక్షరాలు, డబుల్ కోట్లు. మీ సీనియర్ 100 అక్షరాలు కావాలంటే ఇచ్చెయ్, దానికోసం మీటింగ్ పెట్టకు. గో అనే ప్రోగ్రామింగ్ భాష 2009లో బయటికొచ్చినప్పుడే ఫార్మాటర్‌ని వెంట తెచ్చుకుంది. అందుకే ఎవరి గో కోడ్ తెరిచినా ఒకేలా ఉంటుంది.

"అందానికి ఇంత హడావుడా?" అని మేనేజర్ అడిగితే 2014లో యాపిల్ కోడ్‌లో బయటపడ్డ బగ్ గురించి చెప్పు. ఒక ఇఫ్ (షరతు) కింద, నేరుగా ఫంక్షన్ చివరికి దూకమని చెప్పే "గోటూ ఫెయిల్" అనే లైను వరసగా రెండుసార్లు పడింది. బ్రాకెట్లు లేవు. రెండోదాన్ని కూడా లోపలికి జరిపి రాశారు కాబట్టి చూసేవాళ్ళకి అదీ ఇఫ్ కిందదే అనిపిస్తుంది. కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్‌కి మాత్రం అది బయటి లైను, ఇఫ్ నిజమైనా కాకపోయినా నడుస్తుంది. దాంతో సర్వర్ అసలైనదేనని చూపే డిజిటల్ సంతకాన్ని సరిచూడకుండానే "ఎర్రర్ లేదు" అని ఫంక్షన్ బయటికొచ్చేసింది. ఐఫోన్లు, మ్యాక్‌లు రెండింటిలోనూ! క్లాంగ్ ఫార్మాట్ (సీ భాష కోడ్‌కి ఫార్మాటర్) లాంటిది నడిపి ఉంటే ఆ లైను ఎడమకి జరిగి కంటికి కొట్టొచ్చినట్టు కనిపించేది. రివ్యూ చేసేవాళ్ళు పట్టుకుని తీరేవాళ్ళని అనను గానీ, వాళ్ళ కళ్ళకి ఒక అవకాశం దక్కేది.

ఇక మీ పాత రిపో (ప్రాజెక్ట్ కోడ్ మొత్తం ఉండే చోటు) సంగతి. పెండింగ్ పుల్ రిక్వెస్టులన్నీ (కలపమని పంపిన మార్పులు) ముందు మెర్జ్ చేయించు, లేకపోతే కాన్‌ఫ్లిక్టులతో చస్తారు. తర్వాత మొత్తం కోడ్‌ని ఒకే కమిట్‌లో (ఒకేసారి సేవ్ చేసే మార్పుల కట్ట) ఫార్మాట్ చెయ్. అందులో ఇంకే మార్పూ కలపొద్దు, చిన్న బగ్ ఫిక్స్ కూడా. ఫార్మాట్ చేశాక కోడ్ అర్థం మారలేదని బ్లాక్ తనే సరిచూసుకుంటుంది, ఆ టెన్షన్ వద్దు. "గిట్ బ్లేమ్‌లో లైన్లన్నీ శ్రీను పేరు మీదే కనిపిస్తాయి" అని ఎవరో ఒకరు అంటారు. న్యాయమైన మాటే, ఏ లైను చివరగా ఎవరు మార్చారో చూపేదే గిట్ బ్లేమ్ కదా. 2019లో వచ్చిన గిట్ 2.23 నుంచి దీనికి దారి ఉంది: ఆ కమిట్ హ్యాష్‌ని (దాని గుర్తింపు కోడ్) ఒక ఫైల్లో రాసి, బ్లేమ్ చేసేటప్పుడు దాన్ని వదిలెయ్యమని చెప్పొచ్చు. అప్పుడు ఆ లైన్లు అసలు రాసినవాళ్ళ పేర్లతోనే వస్తాయి.

కమిట్‌కి ముందు ఫార్మాటర్‌ని తనే నడిపే ప్రీ-కమిట్ హుక్ ఒక్కటే చాలదురా. దాన్ని దాటేసి కమిట్ చేసేవాళ్ళు ఉంటారు, కాబట్టి సీఐలో (కోడ్ పంపినప్పుడల్లా సర్వర్‌లో ఆటోమేటిగ్గా నడిచే పరీక్షలు) కూడా చెక్ పెట్టు. అందరి దగ్గరా బ్లాక్ ఒకే వెర్షన్ ఉండేలా ఫిక్స్ చెయ్. ఏడాది మారితే బ్లాక్ శైలి కొద్దిగా మారొచ్చు, అప్పుడు ఒకరి మెషీన్ సరిచేసింది ఇంకొకరిది తిరగరాస్తుంది.

సెటప్‌లో ఎక్కడైనా ఆగిపోతే రాత్రి భోజనాలయ్యాక ఫోన్ చెయ్, స్క్రీన్ షేర్ చేసుకుని చూద్దాం.

నీ,
రవి