పాత బండ్ల మీద నింద ఎందుకు?

సంపాదకుల వారికి నమస్కారం.

ఎండలు ముదిరితే మీ జిల్లా పేజీలో ఒక ఫొటో తప్పకుండా వస్తుంది, రోడ్డు పక్కన పొగలు కక్కుతున్న బండి, చుట్టూ సెల్‌ఫోన్లు పట్టుకున్న జనం. మొన్నటి వార్తలో ఫొటోతో ఆగకుండా, పదిహేనేళ్లు దాటిన వాహనాలను తుక్కుకు పంపడమే మేలని సలహా కూడా ఇచ్చారు. ఆ సలహా మీదే ఈ ఉత్తరం.

మాది హనుమకొండ. మా బాపు నర్సంపేట దిక్కు నుంచి ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తోలిన టాటామొబైల్ 206 పికప్ ఇప్పటికీ మా ఇంటి ముందు రేకుల షెడ్డులో ఉంది, అదే ఏపీ 36 నంబరుతో. దాన్ని ఇంట్లోనే విప్పి, తుప్పు తిన్నచోట రేకు కోయించి కొత్తది అతికించి, వైరింగ్ మాత్రం మొదటి నుంచి చివరిదాకా నా చేత్తో కొత్తగా వేసుకున్నాను. ఆ పని చేసినవాడిగా చెప్తున్నా, వయసు చూసి ఏ బండికీ మంట అంటుకోదు, మధ్యలో ఎవరెవరో వేసిన అతుకుల వల్ల, ఎవరూ పట్టించుకోని తీగల వల్ల అంటుకుంటుంది. షోరూం నుంచి నిన్న తెచ్చిన బండికైనా ఫాగ్ లైట్లకని, డబుల్ హారన్‌కని తీగ కోసి, మెలేసి, టేపు చుడితే దాని గతీ అంతే.

బండి సంగతి తెలియని వాళ్లకు రెండు ముక్కలు. ఇప్పటి టాటా మోటార్స్ పేరు టెల్కోగా ఉన్నప్పుడు, 1988లో తెచ్చిన పికప్ ఇది. 1991లో వచ్చిన సియెర్రా కారు, తర్వాత వచ్చిన ఎస్టేట్ కారు దీన్ని పట్టుకుని తయారు చేసినవే. ఇంజన్ 1948 సీసీ డీజిల్, తొలి సుమోల్లో ఉన్నదీ అదే కాబట్టి సామాన్ల కోసం మరీ తిప్పలు పడలేదు, ఆటోనగర్‌లో ఒక షాపులో లేకపోతే పక్క షాపులో పాతదో కొత్తదో దొరికింది. దొరకనివల్లా డోర్ రబ్బర్లు, డాష్‌బోర్డు ప్లాస్టిక్కు. వాటి గురించి రాస్తే ఇంకో ఉత్తరం అవుతుంది.

ఈ తరం డీజిల్ ఇంజన్లకు ఒక మంచి గుణం ఉంది, వైరింగ్ పాలిట అదే శాపమైంది. పంపు మెకానికల్ కాబట్టి ఒక్కసారి స్టార్ట్ అయ్యాక ఇంజన్ తిరగడానికి కరెంటుతో దాదాపు పని లేదు, డీజిల్ అందితే చాలు. పెట్రోలు బండిలో తీగ తెగితే బండి ఆగిపోతుంది, ఓనరు దిగి బానెట్ ఎత్తక తప్పదు. డీజిల్ పికప్‌లో సగం వైరింగ్ చచ్చినా లోడు మార్కెట్‌కు చేరుతుంది. ఇక దాన్ని పట్టించుకునేదెవరు? హెడ్‌లైటు పోతే బయటి నుంచి ఒక తీగ లాగుతారు, హారన్ పోతే బ్యాటరీ నుంచి డైరెక్ట్ ఇస్తారు, ఫ్యూజు ఊరికే పోతుంటే సిగరెట్ పెట్టెలో వెండి కాగితం చుట్టి పెడతారు. నేను డాష్‌బోర్డు కింద తల పెట్టి చూస్తే ఆ బండి తోలిన ప్రతి డ్రైవరుదీ ఒక్కో తీగ ఉంది, ఎవరి రంగు వాళ్లది. అందులో ఇంటి కరెంటు వైరు ముక్క కూడా ఒకటి.

అసలు ప్రమాదం ఎక్కడుందంటే, బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కు, అంటే ఇంజన్‌ను స్టార్ట్ చేసే మోటారుకు, అక్కడి నుంచి బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమోకు, ఇంకోటి తాళానికి వెళ్లే లావు తీగలకు పాత బండ్లలో చాలావాటికి ఫ్యూజే ఉండదు. లైట్ల ఫ్యూజులు, హారన్ ఫ్యూజు అన్నీ ఆ తర్వాతే. ఇంజన్ వైపు నుంచి క్యాబిన్‌లోకి తీగలు వచ్చే రంధ్రం దగ్గర రబ్బరు బుష్ ఒకటి ఉంటుంది, అది ఎండిపోయి పగిలి రాలిపోతుంది, ఇక అక్కడి నుంచి రేకు అంచు తీగ పైపొరను ప్రతి గుంతకూ కొంచెం కొంచెం కోస్తూ పోతుంది. ఏదో ఒకరోజు లోపలి రాగి రేకుకు తగులుతుంది. బ్యాటరీలో ఉన్న కరెంటంతా, వందల ఆంపియర్లు, ఆ ఒక్క చోట నుంచే పోతుంది, తీగ ఎర్రగా కాలడానికి సెకన్లు చాలు. తాళం తీసి జేబులో వేసుకున్నా లాభం లేదు, ఆ తీగ తాళం దాకా రాకముందే బతికి ఉంటుంది. ఆపి ఉన్న బండి దానంతటదే తగలబడిందని రాస్తుంటారే, అది దయ్యం పని కాదు.

దీనికి మందు కూడా ఖరీదైనదేం కాదు. కొత్త బుష్, బ్యాటరీ పక్కనే డైనమో ఇచ్చే ఆంపియర్ల కంటే కాస్త పైన ఒక పెద్ద ఫ్యూజు. సెల్ఫ్ తీగకు మాత్రం ఫ్యూజు పెట్టరు, స్టార్టింగ్‌లో అది 200 ఆంపియర్లు దాటి లాగుతుంది, అందుకని దాన్ని సైలెన్సర్ వేడికీ రేకు అంచులకూ దూరంగా క్లాంపులతో బిగించి, బ్యాటరీ నెగటివ్‌కు ఒక మెయిన్ స్విచ్ పెట్టుకోవాలి. రాత్రి దిగేటప్పుడు తిప్పేసి పడుకుంటే టెన్షన్ ఉండదు.

ఫ్యూజు బల్బును కాపాడుతుందని చాలామంది అనుకుంటారు. అది కాపాడేది తీగను. అందుకే ఎంత ఫ్యూజు వేయాలో తీగ లావు చెప్పాలి, షాపులో ఉన్నది వేయడం కాదు. నేను పెట్టుకున్న లెక్క కాస్త భయస్తుడి లెక్కే, 1 చదరపు మిల్లీమీటరు తీగకు 10 ఆంపియర్లు, 1.5కు 15, 2.5కు 20, అంతకు మించి లేదు. మామూలు 60/55 వాట్ల హెడ్‌లైట్ బల్బు ఒకటి 5 ఆంపియర్లు లాగుతుంది, రెండు కలిపి 10. మనోళ్లు వెలుతురు చాలట్లేదని 100 వాట్లవి వేస్తారు, అప్పుడు రెండింటికీ కలిపి దాదాపు 17 ఆంపియర్లు అదే పాత స్విచ్‌లోంచి, అదే పాత సన్న తీగలోంచి పోవాలి. స్టీరింగ్ పక్కన స్విచ్ వేడెక్కి ప్లాస్టిక్ వాసన రావడానికి కారణం అదే.

నిజానికి వెలుతురు తగ్గడానికి చాలాసార్లు బల్బు తప్పేం ఉండదు. బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులున్నా స్విచ్, జాయింట్లు, తీగ కొసలకు తొడిగిన, తుప్పు పట్టిన లగ్గులు దాటి బల్బు దగ్గరికి వచ్చేసరికి 11 కూడా మిగలదు. వోల్టేజి పది శాతం తగ్గితే వెలుతురు ముప్పై శాతం దాకా పడిపోతుంది. మల్టీమీటరు ఉంటే లైట్లు వేసి ఉంచి, ఒక కొస బ్యాటరీ పాజిటివ్ మీద, ఇంకో కొస బల్బు పాజిటివ్ మీద పెట్టి చూడండి, అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే మధ్యలో ఎక్కడో తినేస్తోందని లెక్క. తర్వాత ఎర్త్ వైపూ, అంటే కరెంటు తిరిగి బ్యాటరీకి వెళ్లే దారినీ, అట్లాగే చూడాలి. రిలేలు (కొద్ది కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్‌లు) వేసి బ్యాటరీ నుంచి నేరుగా లావు తీగ ఇచ్చి, స్విచ్‌కు రిలేను పలికించే పని మాత్రమే వదిలితే అవే 60/55 బల్బులు కొత్తగా కనిపిస్తాయి. స్టార్ట్ చేసే ముందు డీజిల్ ఇంజన్‌ను వేడెక్కించే హీటర్ ప్లగ్గులకైతే ఇది తప్పనిసరి, నాలుగూ కలిపి 40 ఆంపియర్ల దగ్గర లాగుతాయి, వాటి తీగ వేరు, రిలే వేరు ఉండాల్సిందే.

ఇక ఎర్త్. పాత బండ్లను బాగుచేసుకునే వాళ్లంతా మోసపోయేది ఇక్కడే. టింకరింగ్ చేయించి, లప్పం పట్టించి, రెడాక్సైడ్ కొట్టించి, మెరిసే పెయింట్ వేయించాక బండికి లైట్లు రావు. ఎందుకు వస్తాయి? కరెంటు తిరిగి వెళ్లే దారి బాడీయే కదా, ఆ బాడీ మీద ఎర్త్ బోల్టులు పెట్టే ప్రతిచోటా రంగు పూసేశారాయె. వెనక డబ్బాకైతే కింద తుప్పు, పైన రంగు. బ్రేకు నొక్కితే పార్కింగ్ లైట్లు మసకబారడం, ఇండికేటర్ వేస్తే బ్రేక్ లైటు కూడా దాంతోపాటు మినుక్కుమనడం, ఇవన్నీ ఎర్త్ దొరకని కరెంటు పక్క బల్బు గుండా దారి వెతుక్కోవడమే. ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోతే ఇండికేటర్‌ను మినుక్కుమనిపించే ఫ్లాషర్ మారుస్తాడు, బల్బులు మారుస్తాడు, రోగం అట్లాగే ఉంటుంది. నేను వెనక లైట్లకు బాడీని నమ్మకుండా నల్ల తీగ ఒకటి విడిగా ఛాసిస్ (బండి కింది ఇనుప చట్రం) దాకా, ఛాసిస్ నుంచి బ్యాటరీ దాకా తెచ్చాను. బోల్టు కింద రేకును మెరిసేదాకా గీకి, పళ్ల వాషర్ వేసి బిగించి, బిగించిన తర్వాతే పైన గ్రీజు.

ఇంట్లో చేసుకోవడం ఎట్లా అని అడిగేవాళ్లకు ఒకటే మాట, పాత వైరింగ్‌ను ముక్కలు ముక్కలుగా కోయొద్దు. ప్రతి కొసకూ కాగితం టేపు అంటించి ఇది ఎక్కడిదో రాసి, మొత్తం గుత్తిని ఒక్కటిగా బయటికి లాగి వాకిట్లో పరిచి, దాని పక్కనే అదే పొడవులో కొత్తది అల్లుకోవాలి. రంగులకు నేను అంబాసిడర్ కాలంనాటి పద్ధతి పట్టుకున్నాను, బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది గోధుమ రంగు, తాళం దాటాక తెలుపు, ఫ్యూజు దాటాక ఆకుపచ్చ, హెడ్‌లైట్లకు నీలం, పార్కింగ్‌కు ఎరుపు, ఎర్త్‌కు నలుపు. రేపు నేను లేకున్నా ఇంకొకరు చూసి పోల్చుకోగలగాలి. ఇంటి వైరు వాడొద్దు, బండ్ల వైరు ఆయిలుకూ వేడికీ తట్టుకునేలా చేస్తారు. అతుకులు మెలేయొద్దు, లగ్గులు సరైన ప్లయరుతో నొక్కాలి. మన మే నెల ఎండకు, దానిపైన ఇంజన్ వేడికి ఇన్సులేషన్ టేపు జిగురు కారి ఊడొస్తుంది, గుత్తి మీద బట్ట టేపు చుట్టి ముడతల పైపులో వేస్తే నిలుస్తుంది. వెల్డింగ్ పెట్టే ముందు బ్యాటరీ, డైనమో రెండూ విప్పాలి. బ్రేకుల జోలికి మాత్రం నేను పోలేదు, మెకానిక్‌కే ఇచ్చాను, పాత లైనర్ల దుమ్ములో ఊపిరితిత్తులను పాడుచేసే ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి గాలి కొట్టి ఊదొద్దని ఆయనకూ చెప్పాను, నవ్వాడు గానీ తడిబట్టతో తుడిచాడు.

అంత ఇష్టమైతే వింటేజ్, అంటే పాతకాలపు అపురూపమైన బండి కింద రాయించుకోవచ్చుగా అని కూడా మీ వార్తలో ఒక వాక్యం ఉంది. రాసినాయన నిబంధన చదివినట్టు లేదు. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన ఆ నిబంధన ప్రకారం బండికి యాభై ఏళ్లు నిండాలి, 20,000 రూపాయలు కట్టాలి, నంబరులో వీఏ అక్షరాలతో పదేళ్లకు ఇస్తారు, ర్యాలీలకూ ప్రదర్శనలకూ తప్ప రోజూ తిప్పకూడదు. అదీ సొంతానికి వాడే టూవీలర్లకు, ప్యాసింజర్ కార్లకే. సరుకు మోసే బండ్లకు అందులో చోటే లేదు. అందరికంటే ముందు కొన్న టాటామొబైల్‌కైనా 2038 దాకా యాభై నిండవు, నిండినా అది గూడ్స్ బండే. జహీరాబాద్‌లో తయారైన ఆల్విన్ నిస్సాన్ చిన్న లారీలు ఎవరికైనా గుర్తున్నాయా? మన రాష్ట్రంలో పుట్టిన ఆ బండిని ఎవరైనా దాచుకుందామన్నా ఈ నిబంధనతో పని కాదు. జమీందారు కారుకు ఉన్న గౌరవం మిర్చి మోసిన పికప్‌కు లేదు.

ఫీజులు పెంచడం మాత్రం మర్చిపోరు. ఇరవై ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజును 2025 ఆగస్టులో 10,000 రూపాయలు చేశారు. గూడ్స్ బండికి ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ ఎట్లాగూ ఉంది. ఆ ఫిట్‌నెస్‌లో ఏం చూస్తారో లైనులో నిలబడ్డ ప్రతి ఓనరుకూ తెలుసు, లైటు వెలుగుతోందా, హారన్ మోగుతోందా, రంగు బాగుందా. ఆ లైటు ఏ తీగతో వెలుగుతోందో చూసే దిక్కు లేదు. బానెట్ ఎత్తి బ్యాటరీ దగ్గర ఫ్యూజు ఉందా, రంధ్రాల్లో బుష్‌లు ఉన్నాయా, ఫ్యూజు పెట్టెలో ఫ్యూజులే ఉన్నాయా వెండి కాగితమా, ఇది చూడడానికి ఐదు నిమిషాలు పట్టదు. ఆ పరీక్షలో ఫెయిలైతే నా బండినైనా ఆపేయండి, నాకు అభ్యంతరం లేదు.

మీకు నేను అడిగేది చిన్నది. ఈసారి అలాంటి ఫొటో వేసినప్పుడు బండి ఏ సంవత్సరం మోడలో రాయండి, వద్దనను. దాంతోపాటు కంపెనీ నుంచి వచ్చాక దానికి ఏమేం బిగించారు, ఏ తీగ దగ్గర మంట మొదలైంది, బ్యాటరీ పక్కన ఫ్యూజు ఉందా లేదా అన్నది ఫైర్ స్టేషన్ వాళ్లను అడిగి, ఆ నాలుగు లైన్లు కూడా వేయండి.

ఇట్లు,
ఒక పికప్ ఓనరు, హనుమకొండ