ప్రశ్న పుట్టాకే తెర వెలగనివ్వండి

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను భౌతికశాస్త్రం బోధించే ఉపాధ్యాయురాలిని. తరగతి గదికి కంప్యూటరూ తెరా వచ్చినందుకు మనస్ఫూర్తిగా సంతోషించాను. కానీ వాటి గురించి మమ్మల్ని అడుగుతున్నది ఒక్కటే: ఈ నెల ఎన్ని వీడియోలు చూపించారు, ఎన్ని గంటలు వాడారు? ఆ లెక్క నింపడానికి పిల్లలు చేతులు కట్టుకుని తెర వైపు చూస్తూ కూర్చుంటున్నారు.

లోలకం పాఠం సంగతి చెబుతాను. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన, తెరమీదే ప్రయోగాలు చేసి చూసుకునే ఫెట్ వెబ్‌సైటులో లోలకాల ప్రయోగశాల ఉంది. గుండు బరువు, దారం పొడవు మనమే మార్చుకోవచ్చు. దాన్ని తెరవకముందే అడుగుతాను: గుండు బరువు రెట్టింపు చేస్తే లోలకం త్వరగా ఊగుతుందా, నెమ్మదిగానా? ఎవరి ఊహ వాళ్లు నోటుపుస్తకంలో రాశాకే మీట నొక్కుతాం. ఊగడానికి పట్టే సమయం మారదు! గదిలో ఒక్కసారిగా గోల లేస్తుంది. మరి దేనివల్ల మారుతుందని వాళ్లే అడుగుతారు. దారం పొడవు పెంచి చూస్తారు. లోలకాన్ని చంద్రుడి మీదికి, గురుగ్రహం మీదికి తీసుకెళ్తారు. గురుత్వం ఎంతో చెప్పని గ్రహం కూడా ఒకటి అందులో ఉంది. లోలకాన్ని ఊపి, కాలం కొలిచి, ఆ విలువ కనిపెట్టాలి. నేను సూత్రం రాసేసరికి దానికోసం వాళ్లే ఎదురుచూస్తూ ఉంటారు. అన్నీ నేనే నొక్కి చూపిస్తే ఇదంతా ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాల తర్వాత ఎవరికీ ఏమీ మిగలదు.

2007లో గెలాక్సీ జూ అనే వెబ్‌సైటు లక్షలాది గెలాక్సీల చిత్రాలు జనం ముందుంచి, వాటి ఆకారాలు గుర్తించమని కోరింది. హానీ వాన్ ఆర్కెల్ అనే డచ్ ఉపాధ్యాయురాలు ఒక చిత్రంలో వింత మరక చూసి ఇదేమిటని అడిగారు. శాస్త్రవేత్తలకూ వెంటనే తెలియలేదు. పక్క గెలాక్సీ కేంద్రం ఒకప్పుడు వెదజల్లిన కాంతికి మెరుస్తున్న వాయుమేఘమని తర్వాత తేలింది. మా పిల్లలు ఈ కథ మళ్లీ మళ్లీ చెప్పించుకుంటారు.

అందుకే కోరుతున్నాను. వారానికి ఒక్క పీరియడ్ సిలబస్ ఒత్తిడి లేకుండా మాకు వదలండి. తనిఖీకి వచ్చేవారు గంటల లెక్క పక్కనపెట్టి, పిల్లలు రాసుకున్న ఊహలూ ప్రశ్నలూ చదవాలి. తప్పు ఊహకు మార్కులు తగ్గించకూడదు. ఆ భయం ఉన్నచోట ఎవరూ నోరు విప్పరు. ఫెట్ ప్రయోగాలను ఒకసారి కంప్యూటర్‌లోకి దించుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తాయి కాబట్టి ఆ సౌకర్యం లేని బళ్లనూ పక్కన పెట్టనక్కర్లేదు. పిల్లల వివరాలు సేకరించే సైట్లను మాత్రం బడి గడప తొక్కనివ్వకండి.

వచ్చే ఏడాది ప్రణాళిక ఖరారు చేసేముందు ఒక రోజు ఏదైనా తరగతిలో వెనక బెంచీ మీద కూర్చోండి. తెర వెలగకముందు ఎన్ని చేతులు లేచాయో లెక్కపెట్టండి.

భవదీయురాలు,
ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు