ఆ పియానో కొననివ్వనందుకు…

పియానో శ్రుతి చేసే ట్యూనర్ గారికి ముందుగా నమస్కారం. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. చదివితే తన గురించేనని ఆయనకు తెలుస్తుంది.

మా అమ్మాయి కోసం వాడిన పియానో ఒకటి చూశాం. అద్దంలా మెరుస్తోంది. "ఒక్కసారి ట్యూనింగ్ చేయిస్తే చాలు" అన్నారు అమ్మేవాళ్లు. అడ్వాన్సు ఇవ్వడమే తరువాయి. ఎందుకైనా మంచిదని ఆయన్ని పిలిచాను. చూసి చెప్పడానికి కూడా ఫీజా అని లోపల కాస్త గొణుక్కున్న మాట నిజం.

ఆయన వచ్చి పాటేమీ వాయించలేదు. ముందు పలక ఊడదీసి, టార్చి వేసి సీరియల్ నంబరు వెతికారు. దాన్నిబట్టి ఎప్పుడు తయారైందో తెలుస్తుందట. తర్వాత 88 మెట్లూ ఒక్కొక్కటే నొక్కారు. నన్ను భయపెట్టినవి రెండు: ఇరుక్కుపోతున్న ఒక మెట్టు, సౌండ్‌బోర్డు (తీగల నాదాన్ని పెద్దది చేసే చెక్క పలక) మీద సన్నని పగులు. రెండింటినీ ఆయన తేలిగ్గా తీసుకున్నారు. మెట్టు బాగుచేయొచ్చు, పగులు దగ్గర జరజరమనే చప్పుడు లేదు కాబట్టి ఫర్వాలేదన్నారు.

నేను కన్నెత్తి చూడనిది తీగలు చుట్టి ఉండే ట్యూనింగ్ పిన్నుల వైపు. తాళంచెవి లాంటి పనిముట్టు తగిలించి తిప్పితే కొన్ని పిన్నులు వెన్నలో పుల్లలా తిరిగాయి. పియానోలో రెండొందలకు పైగా తీగలుంటాయి. అన్నీ కలిసి లాగే బలం దాదాపు 18 టన్నులు. ఇనప ఫ్రేము ఎంత మోసినా, శ్రుతి నిలవాలంటే పిన్నుని చెక్క గట్టిగా పట్టుకోవాలి. ఆ చెక్క ఎండి పట్టు వదిలితే ఇవాళ చేసిన శ్రుతి వారానికే జారిపోతుంది. 440 హెర్ట్జ్ పలకాల్సిన మెట్టు అప్పటికే దాదాపు అర స్వరం దిగి ఉంది. పైకి లాగితే తుప్పు పట్టిన తీగలు తెగొచ్చట కూడా.

"కొనొద్దు" అని ఆయన అనలేదు. "ఊరికే ఇచ్చినా మీకు ఖరీదే" అన్నారు, అంతే.

తర్వాత దొరికినదానికి మెరుపు లేదు, మూత మీద గీతలు. పిన్నులు మాత్రం బిగువుగా ఉన్నాయి. ఇంటికొచ్చాక గది తేమకి అలవాటు పడాలని కొన్ని వారాలు ఆగమన్నారు. ఎండ పడే చోటా, ఏసీ గాలి తగిలే చోటా పెట్టొద్దన్నారు. నిన్ననే మొదటి ట్యూనింగ్ అయింది.

సార్, వచ్చే ట్యూనింగ్‌కీ మీరే రావాలి. అప్పటికి రెండు చేతులతో వాయించి వినిపిస్తానంటోంది మా అమ్మాయి.