మల్కాజిగిరిలో నీకు తెలిసిన ఇల్లు

సికింద్రాబాద్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

ప్రభువు నామంలో వందనాలు. మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది. "పంపకాల్లో గొడవపడ్డ మా అన్నయ్య దగ్గరికి వెళ్లమని ప్రార్థనలో ప్రతిసారీ అనిపిస్తోందిరా. తలుచుకుంటేనే కాళ్లు వణుకుతున్నాయి. దేవుడి నడిపింపైతే మనసులో సమాధానం, నెమ్మది ఉండాలి కదా?" అన్నావు. అప్పుడే జవాబు చెప్పాలనుకున్నాను గానీ అది ఫోన్‌లో తేలే విషయం కాదు. అందుకే పిల్లలు పడుకున్నాక కూర్చుని రాస్తున్నా. కాస్త పొడుగే అవుతుంది, తీరిగ్గా చదువు.

ముందు నా సంగతి చెప్తా. నీకు కూడా పూర్తిగా చెప్పలేదు.

నాన్న క్యాన్సర్‌తో పోయాక ఆసుపత్రి గుమ్మం తొక్కాలంటే నాకు వణుకు. ఫినాయిల్ వాసన తగిలితే ఆ చివరి పది రోజులూ కళ్ల ముందుకొస్తాయి. అలాంటి నాకు పోయినేడు లెంటు రోజుల్లో (ఈస్టర్ ముందు ఉపవాసాలప్పుడు) మనసులో ఒక భారం మొదలైంది. రెడ్ హిల్స్ క్యాన్సర్ ఆసుపత్రి దగ్గర, రోగులతో పాటు జిల్లాల నుంచి వచ్చి బయట కూర్చునేవాళ్లు ఉంటారు చూడు, వాళ్ల దగ్గరికి వెళ్లమని. మా చర్చిలో ఆడవాళ్ల కూటమి ఉంది, స్త్రీల మైత్రి అని, అందులో ఆంటీ ఒకావిడ శనివారాలు పులిహోర పొట్లాలు కట్టుకుని వెళ్తుంది. ఆవిడ నన్నేమీ అడగలేదు. ప్రార్థనకి మోకరిస్తే చాలు, ఆ పొట్లాలే గుర్తొచ్చేవి.

మొదటి శనివారం ఒక్కడినే బయల్దేరాను. సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో దిగి, ఎల్బీనగర్ వైపు వెళ్లే రైలు మారి, లక్డీకాపూల్‌లో దిగాలి. అమీర్‌పేట దాకా వెళ్లాను. అక్కడ దిగి, జనం నన్ను దాటుకుంటూ వెళ్తుంటే నిలబడిపోయాను. గుండె దడ. "ప్రభువా, ఇది నీ పనైతే ఈ భయం తీసెయ్, అప్పుడు వెళ్తా" అన్నాను. భయం పోలేదు. ఎదురు రైలెక్కి ఇంటికొచ్చేశాను. తర్వాతి శనివారం అంతే. ఆ తర్వాత వారం కూడా. మూడోసారి ఇంటికొచ్చి మా ఆవిడతో "దేవుడు తలుపు తెరవడం లేదు" అన్నాను. రైలు తలుపు నా ముందు మూడుసార్లు తెరుచుకుందిరా. ఎక్కనిది నేను.

ఆ రాత్రి బైబిల్లో అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం చదివాను. ఎన్నిసార్లు విన్నాం ఆ సంగతి, విశ్వాసుల్ని హింసించి తర్వాత పౌలుగా పేరుపడ్డ సౌలు గురించే వింటాం. ఆ రాత్రి నా కళ్లు అననీయ మీద ఆగిపోయాయి. దమస్కులో ఉన్న మామూలు శిష్యుడు. ప్రభువు అతనికి ఏమిచ్చాడో చూడు: తిన్ననిది అనే వీధి, యూదా అనేవాడి ఇల్లు, తార్సువాడైన సౌలు. అచ్చంగా ఒక అడ్రస్. అననీయ వెంటనే లేచి వెళ్లలేదు. "ప్రభువా, ఈ మనిషి యెరూషలేములో నీ పరిశుద్ధులకి ఎంత కీడు చేశాడో విన్నాను, ఇక్కడ కూడా అందరినీ బంధించడానికి అధికారం పట్టుకొచ్చాడు" అని తన భయమంతా చెప్పుకున్నాడు. భయపడ్డందుకు ప్రభువు అతన్ని తిట్టలేదు. సౌలుని ఎందుకు ఏర్పరచుకున్నాడో చెప్పాడు, వెళ్లమన్నాడు. భయం తీసేశాను అని మాత్రం ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. వెళ్లి ఆ మనిషి మీద చేతులుంచి అననీయ అన్న మొదటి మాట ఏంటో తెలుసా? "సౌలా, సహోదరుడా." ఆ మాట దగ్గర ఇప్పుడు నువ్వే గుర్తొస్తున్నావు.

న్యాయాధిపతుల గ్రంథంలో గిద్యోను సంగతీ చూడు. బయలు అనే దేవత బలిపీఠం పడగొట్టమన్నాడు దేవుడు. తండ్రి ఇంటివాళ్లకీ ఊరివాళ్లకీ భయపడి పగలు చెయ్యలేక, పనివాళ్లలో పదిమందిని వెంటేసుకుని రాత్రిపూట పడగొట్టాడు. పగలు చెయ్యలేదని దేవుడు ఆ పనిని తోసిపుచ్చలేదు. నువ్వు గట్టివాడివి, "మరి ఆ తర్వాత యుద్ధానికి వచ్చినవాళ్లలో భయపడేవాళ్లని వెళ్లిపొమ్మంటే 22,000 మంది ఇంటికెళ్లారు కదా" అంటావు. నన్నూ ఆ మాట చాలా రోజులు గుచ్చింది. కానీ పేజీ తిప్పకముందే 7వ అధ్యాయం 10వ వచనం చూడు. వాళ్లు వెళ్లిపోయాక, అదే గిద్యోనుతో దేవుడు, శత్రువుల దండులోకి దిగడానికి భయమైతే నీ పనివాడు పూరాని తోడు తీసుకుని వెళ్లు అంటాడు. సేనాధిపతికి ఇంకా భయంగానే ఉందని ఆయనకి తెలుసు. అందుకే తోడు చూపించాడు.

నాకు తోడు ఆంటీ. నాలుగో శనివారం ఆవిడకి ఫోన్ చేసి, "ఆంటీ, నాకు భయం, మీతో తీసుకెళ్తారా" అని అడిగాను. "పొట్లాల సంచి బరువుగా ఉంటోంది బాబూ, రా" అంది. అంతే. అమీర్‌పేటలో మళ్లీ గుండె దడే. ఆవిడ నడుస్తుంటే వెనకే నడిచాను.

నేను ఇరవై వచనాలు బట్టీపట్టి వెళ్లాను. గోడకి ఆనుకుని కూర్చున్న ఒక పెద్దాయనకి పొట్లం ఇస్తే, పక్కన పెట్టేసి జేబులోంచి మడతపడ్డ కాగితం తీశాడు. "బిడ్డా, గిండ్ల ఏం రాసిండ్రో జర సదివి చెప్పు" అన్నాడు. ఆయన భార్యకి చెయ్యాల్సిన పరీక్షల చీటీ. చదివి చెప్పి, కౌంటర్ దాకా తీసుకెళ్లి వరుసలో నిలబడ్డాను. గంటన్నర పట్టింది. అదే ఫినాయిల్ వాసన. నాన్న గుర్తొచ్చాడు, ఏడుపొచ్చింది, అయినా నిలబడ్డాను. నాన్న జబ్బు రోజుల్లో అలాంటి చీటీలు పట్టుకుని ఎన్ని కౌంటర్లు తిరిగానో నాకే తెలుసు. ఆ తిరుగుడు ఇంకొకరికి పనికొస్తుందని కలలో కూడా అనుకోలేదు. వచ్చేటప్పుడు ఆయన "మల్ల వస్తవా?" అని అడిగాడు. వెళ్లాను. ఆయన కనిపించలేదు. ఏమయ్యారో తెలియదు, ఇప్పటికీ ప్రార్థిస్తూనే ఉన్నా.

ఇక నీ సంగతి. ఆరేళ్లయింది ఆ ఇంటి పంపకాల గొడవ జరిగి. తప్పు ఎవరిదని ఈ ఉత్తరంలో ఎత్తను. ప్రతి భయాన్నీ తోసుకుని వెళ్లమని కూడా అనను. అన్నయ్య చెయ్యి చేసుకునే మనిషైతే నేనే ఆగమనేవాడిని. ఆయన అలాంటివాడు కాదని మనిద్దరికీ తెలుసు. నీ భయం వేరు. గుమ్మంలో నిలబెట్టి ముఖం తిప్పుకుంటాడేమోనని, వదినగారు తలుపు వేసేస్తారేమోనని. అది చిన్న భయమని అనడం లేదు, నిజంగా ఆ తలుపు తెరుచుకోకపోవచ్చు. పౌలు రోమా సంఘానికి "శక్యమైతే, మీ చేతనైనంత మట్టుకు" అందరితో సమాధానంగా ఉండమనే రాశాడు. అన్నయ్య చేతిలో ఉన్నదానికి నీ దగ్గర లెక్క అడగడు ప్రభువు. కానీ వెళ్లాలా వద్దా అని నువ్వు కొత్తగా సూచన అడగక్కర్లేదు బావా. బలిపీఠం దగ్గర అర్పణ వదిలిపెట్టి ముందు వెళ్లి సహోదరుడితో సమాధానపడమని మత్తయి 5లో ఆయన నోటితోనే చెప్పాడు. నువ్వు ఎదురుచూసే సమాధానం గుంటూరులో మంచం మీద కూర్చుంటే రాకపోతే, దారిలో రావచ్చు, వచ్చాక రావచ్చు. నాకైతే కౌంటర్ ముందు వరుసలో వచ్చింది.

ఒక్క మాట. ఆస్తి కాగితాలు వెంట తేకు. అమ్మ చేతి గోంగూర పచ్చడి ఒక సీసా తీసుకురా, అన్నయ్యకి ఎంత ఇష్టమో నీకు తెలుసు.

వచ్చే శుక్రవారం పొద్దున్నే గోల్కొండ ఎక్కు. స్టేషన్‌కి నేనొస్తా. ఆ రాత్రి మా ఇంట్లో పడుకుని, శనివారం పొద్దున్న ఆటోలో మల్కాజిగిరి వెళ్దాం. వీధి తెలుసు, ఇల్లు తెలుసు, మనిషి పేరూ తెలుసు. మెట్లెక్కేది నువ్వొక్కడివే, నేను కింద టీకొట్టు దగ్గర ఉంటా, ఎంతసేపైనా సరే. ఆంటీకి ఆ శనివారం రానని ఇప్పటికే చెప్పేశాను.

టికెట్ తీసుకున్నాక ఫోన్ చెయ్.

నీ
బావ