కోళ్ల టీకాకు ఊరికో రోజు పెట్టండి

సంపాదకులకు,

మాది చీమకుర్తి దగ్గర పల్లె. పెరట్లో పదకొండు నాటుకోళ్లు, వాటి పిల్లలు. మొన్నటి ముసురుకు నెలన్నర పిల్లలు ఆరు రెక్కలు వేలాడేసి ముడుచుకున్నాయి. గంప ఎత్తి చూస్తే రెట్టలో నెత్తురు. పసుపు, వెల్లుల్లి నూరి మింగించమంది మా అత్త. మింగించాను. తెల్లారేసరికి రెండు పోయాయి. పశువుల డాక్టరు రెట్ట చూసి కాక్సిడియోసిస్, అంటే పేగుల్లో చేరే సూక్ష్మజీవితో వచ్చే నెత్తుటి పారుడు రోగం అన్నారు. నీళ్లలో ఆంప్రోలియం పొడి కలిపి ఐదు రోజులు పెడితే మిగతా నాలుగూ తేరుకున్నాయి. తప్పు నాదే, గంప కింద తడిసిన ఊక వారంగా మార్చలేదు.

అదే రెట్ట ఆకుపచ్చగా పారి, మెడ మెలిపెట్టుకుంటే కొక్కెర తెగులు (రాణిఖెత్ వ్యాధి). దానికి మందు లేదు, ముందుగా వేయించే టీకా ఒక్కటే. నా బాధంతా ఇక్కడే. సీసా వంద కోళ్లకు సరిపడా వస్తుంది, కలిపాక రెండు గంటల్లో వాడెయ్యాలి. నా పదకొండు కోళ్ల కోసం ఎవరు విప్పుతారు? రెండుసార్లు ఉత్త చేతులతో తిరిగొచ్చాను.

ఎండలు ముదరకముందే ఊరికో రోజు పెట్టి దండోరా వేయించండి, అందరం గంపలు మోసుకొస్తాం. తెల్లవారుజామునైతే మేలు. ఒకసారి వదిలాక పట్టుకోవాలంటే ఊరంతా పరుగెత్తాలి.

- ఒక గృహిణి, చీమకుర్తి మండలం, ప్రకాశం జిల్లా