పైరో వెలిగించే మనిషికీ సర్టిఫికెట్ ఉండాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్న శ్రావణంలో మా మేనకోడలి రిసెప్షన్ జరిగింది. పెళ్లికూతురు, పెళ్లికొడుకు స్టేజీ ఎక్కుతుండగా రెండు పక్కలా కోల్డ్ పైరోలు, అంటే గొట్టంలోంచి మెరుపుల జల్లు చిమ్మే స్టేజీ బాణసంచా, లేచాయి. నాలుగింట్లో ఒకటి వెలగలేదు. ఈవెంట్ వాళ్ల కుర్రాడు పరుగెత్తుకొచ్చి, దాని మీదికి వంగి, గొట్టం పట్టుకుని ఊపాడు. వెనకాల అడుగు దూరంలో పరదాలు, థర్మోకోల్ డెకరేషన్. నాకు ఒళ్లంతా చెమట పట్టింది. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. భోజనాల దగ్గర కనిపిస్తే "ఈ పని ఎక్కడ నేర్చుకున్నావు బాబూ?" అని అడిగాను. "మా అన్న చేస్తుంటే చూశాను సార్" అన్నాడు. ఇరవై ఏళ్లు కూడా ఉండవు.

వెలగని పైరో దగ్గరికి వెంటనే వెళ్లకూడదు. రిమోట్ ఆపేసి, కనెక్షన్ తీసి, కాసేపు ఆగాలి. ఈ పనిలో మొదట నేర్పాల్సింది ఇదే. ఆ కుర్రాడికి ఇది ఎవరూ చెప్పలేదు, అతన్ని తప్పుపట్టలేను. పైగా 'కోల్డ్' అన్న పేరొకటి అందరినీ ఏమారుస్తోంది. ఆ మెరుపులు కాలుతున్న లోహపు రవ్వలే. గొట్టం మూతి దగ్గర గుడ్డ ఉంటే అంటుకుంటుంది.

క్వారీలో రాయి పేల్చే మనిషికి షాట్‌ఫైరర్ పర్మిట్ ఉండాలని 2008 ఎక్స్‌ప్లోజివ్స్ రూల్స్ చెబుతున్నాయి. ఊరికి దూరంగా కొండ దగ్గర ఉన్న ఈ జాగ్రత్త, ఐదొందల మంది కూర్చున్న ఏసీ హాల్లో ఎందుకు లేదు?

2003లో అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో ఒక క్లబ్బులో బ్యాండ్ మేనేజర్ వెలిగించిన పైరోతో స్టేజీ గోడలకున్న ఫోమ్ అంటుకుని 100 మంది చనిపోయారు. 2013లో బ్రెజిల్‌లోని శాంటా మరియాలో ఆరుబయట వాడాల్సిన ఫ్లేర్‌ను, చవక అని, క్లబ్బు లోపల వెలిగించారు. 242 మంది పోయారు. ఏది లోపల వాడాలో, ఏది బయట వాడాలో తెలిసిన ఒక్క మనిషి అడ్డుపడినా వాళ్లంతా బతికేవాళ్లు. మన హుస్సేన్ సాగర్‌లోనే 2025 జనవరి 26న బాణసంచా కాలుస్తుండగా పడవలు తగలబడ్డాయి. కాలింది ఆ పని చేస్తున్నవాళ్లే.

కెనడాలో ఈ పని చేయాలంటే 18 ఏళ్లు నిండి, భద్రత కోర్సు పూర్తిచేసి, ప్రభుత్వ సర్టిఫికెట్ తీసుకోవాలి. స్టేజీ షోలకు, సినిమా షూటింగులకు వేర్వేరు సర్టిఫికెట్లు. షూటింగులు ఇన్ని జరిగే మన దగ్గర కూడా అలాంటిది కావాలి.

పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ పెసో, రెండు రాష్ట్రాల అగ్నిమాపక శాఖలు కలిసి చిన్న కోర్సు పెట్టి, పరీక్ష జరిపి, ఫొటో కార్డు ఇవ్వాలి. కార్డు లేనివాళ్లను ఫంక్షన్ హాల్ వాళ్లు లోపలికి రానివ్వకూడదు. ఫీజు మాత్రం ఆ కుర్రాళ్లు కట్టుకోగలిగేంతే ఉండాలి. మాఘమాసం ముహూర్తాలలోపు కనీసం ఒక బ్యాచ్‌కైనా శిక్షణ ఇవ్వాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, ఖమ్మం