నాలుగుసార్లు నా పత్రాలు తిప్పి పంపారు, పోస్టింగ్ పోయింది. ఎవరు జవాబు చెప్తారు?

కస్టమర్ సపోర్ట్ వాళ్లకి,

నేను బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. క్లినికల్ పోస్టింగుకి, అంటే ఆసుపత్రి వార్డులో చేసే శిక్షణకి, ముందు కావాల్సిన పత్రాలన్నీ మీ పోర్టల్‌లోనే పెట్టాలని మా కాలేజీ వాళ్లు చెప్పారు, దానికి ఏడాది సబ్‌స్క్రిప్షన్ నా డబ్బుతోనే కట్టాను. ఇప్పటికి మీ చాట్‌లో ఆరుసార్లు రాశాను. ఐదుసార్లు "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అన్న ఒకే ముక్క వచ్చింది, ఆరోసారి వచ్చిన జవాబు గురించి కిందే చెప్తాను. అందుకే ఈసారి చాట్ మానేసి ఉత్తరం రాస్తున్నాను, దయచేసి మనిషన్నవాళ్లు ఎవరైనా చదవండి.

గొడవంతా హెపటైటిస్ బి దగ్గర మొదలైంది. పసిపిల్లగా ఉన్నప్పుడే మా అమ్మావాళ్లు మూడు డోసులూ వేయించారు, కార్డు ఉంది, అప్‌లోడ్ చేశాను. యాంటీబాడీ టైటర్, అంటే టీకా వల్ల రక్తంలో ఏర్పడిన యాంటీబాడీలు ఎంత ఉన్నాయో చూసే పరీక్ష, కూడా కావాలంటే చేయించాను. మిల్లీలీటరుకి 10 మిల్లీ యూనిట్లు ఉండాలి, నాకు అంతకంటే తక్కువ వచ్చింది. చిన్నప్పుడు వేసిన టీకాకి ఇన్నేళ్ల తర్వాత అంకె అలా పడిపోవడం చాలామందిలో ఉండేదే, అంతమాత్రాన రక్షణ పోయిందని కాదు. ఇంకో డోసు వేసి, ఒకటి రెండు నెలలు ఆగి మళ్లీ టైటర్ చూస్తారు. 10 దాటితే సరే, దాటకపోతేనే మిగతా రెండు డోసులు. డాక్టర్ గారు సరిగ్గా ఇదే రాసిచ్చారు, నేను డోసు వేయించుకుని ఆ కాగితం, ఆవిడ రాసిన లెటర్ రెండూ పెట్టాను. మీ పోర్టల్ "సిరీస్ అసంపూర్ణం" అని ఎర్ర గుర్తు పెట్టి, 0, 1, 6 నెలల లెక్కన మూడు డోసులూ మళ్లీ మొదటినుంచి వేయించుకోమంది. అంటే ఆరు నెలలు! నా పోస్టింగేమో అప్పటికి మూడు వారాల దూరంలో ఉంది.

నాకు ఒళ్లు మండింది ఇక్కడ కూడా కాదు. మేం వెళ్లాల్సిన ఆసుపత్రి ఇచ్చిన నిబంధనల కాగితంలో, డోసు వేయించుకుని టైటర్ కోసం చూస్తున్న విద్యార్థుల్ని రానివ్వొచ్చని స్పష్టంగా ఉంది. రోగులకి బాధ్యత వహించే ఆసుపత్రే రమ్మంటుంటే, కాగితాలు భద్రపరిచే మీ పోర్టల్ వద్దంటోంది, ఎందుకంటే అందులో పచ్చ, ఎరుపు తప్ప "ఇంకా నడుస్తోంది" అని పెట్టే వీలే లేదు.

ఇక క్షయ పరీక్ష. మొదటిసారి తిప్పి పంపింది మాత్రం నా తప్పే, ఒప్పుకుంటాను. స్కిన్ టెస్ట్ రిజల్ట్‌లో చేతిపై గట్టిపడిన వాపు ఎన్ని మిల్లీమీటర్లో రాయించుకోకుండా ఉత్త "నెగటివ్" అన్న కాగితం పెట్టాను. 48 నుంచి 72 గంటల్లోపు వెళ్లి చూపించుకోవాలి కాబట్టి, గడువు దాటాక మళ్లీ అదే చేయిపై కొలిపించుకునే అవకాశం లేదు, టెస్టే మళ్లీ చేయించుకోవాలి. కానీ ఈలోపు మీ పోర్టలే ఎమ్ఎమ్ఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) రెండో డోసు లేదని గోల పెడితే వెళ్లి అది వేయించుకున్నాను. అది లైవ్ వ్యాక్సిన్, అంటే బలహీనపరిచిన బతికున్న వైరస్‌తో చేసేది. అది వేసిన రోజే స్కిన్ టెస్ట్ చేయాలి, లేదంటే నాలుగు వారాలు ఆగాలి, మధ్యలో చేస్తే నిజంగా పాజిటివ్ రావాల్సింది కూడా నెగటివ్‌గా కనిపించొచ్చు. టీకా వేసే సిస్టర్ చెప్పారు, ఆగాను. ఆ నాలుగు వారాలూ రోజుకో మెయిల్, "గడువు దాటింది" అని. రెండు నియమాలూ మీవే, ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు.

ఇప్పుడు ఆరోసారి వచ్చిన జవాబు. మీ చాట్‌లో ఒకాయన (లేక ఒకావిడ, పేరు లేదు) "ప్రస్తుతానికి ఏదో ఒక తేదీ వేసి అప్‌లోడ్ చేయండి, తర్వాత మార్చుకోవచ్చు" అన్నారు. స్క్రీన్‌షాట్ ఉంది. మాకు వార్డులో అడుగుపెట్టకముందే నేర్పే మాట, చేయనిది చేసినట్టు రాయకూడదని. ఇవ్వని మందు ఇచ్చినట్టు చార్టులో రాస్తే ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదనుకుంటా. నా టీకా తేదీ నేనే తప్పు రాస్తే కాలేజీ నన్ను ఊరుకోదు, అప్పుడు చాట్‌లో ఎవరో చెప్పారంటే వినేవాళ్లుండరు.

ఫలితం ఏంటంటే, మెడికల్ సర్జికల్ వార్డులో నా సీటు పోయింది. 8 గంటల షిఫ్టులు 15, మొత్తం 120 గంటలు. ఒక వార్డులో ఒక బ్యాచ్‌కి ఇంతమందినే తీసుకుంటారు, ఖాళీ అయిన సీటు నాకోసం ఉంచరు కదా. క్లాసు పోతే నోట్సు తెచ్చుకుని చదువుకోవచ్చు, ఈ గంటలు అలా పూడవు. యూరోపియన్ యూనియన్ నిబంధనల్లో నర్సు చదువుకి కనీసం 4,600 గంటలుంటే అందులో కనీసం సగం క్లినికల్ శిక్షణే ఉండాలన్నారు, రోగి పక్కన నిలబడి నేర్చుకోవాల్సిన పని కాబట్టే. నా 120 గంటలు ఇక సెలవుల్లో చేయాలి, అదీ ఎక్కడైనా సీటు దొరికితే.

ఇంకోటి, చిన్నదే. డ్యూటీ గంటలకి ఇన్‌ఛార్జ్ సిస్టర్ సంతకం పెట్టే లింక్ 48 గంటల్లో చచ్చిపోతోంది. వరసగా నైట్ డ్యూటీలు చేసి రెండు రోజులు ఆఫ్‌లో ఉన్న మనిషి మెయిల్ చూసేసరికి అది పనిచేయదు. గడువు వారం చేయండి.

నాకు కావాల్సింది ఇదీ. ఆలస్యానికి కారణం మీ పరిశీలనే తప్ప నేను పత్రాలు ఇవ్వకపోవడం కాదని మా కాలేజీకి రాతపూర్వకంగా చెప్పాలి, ఇది అన్నిటికంటే ముందు. నా హెపటైటిస్ ఫైలు టీకాల షెడ్యూలు తెలిసిన వాళ్లెవరైనా మళ్లీ చూడాలి. "నడుస్తోంది" అన్న గుర్తు ఎప్పటికి పెడతారో తేదీ చెప్పాలి, నా వెనక వచ్చే బ్యాచ్‌కైనా పనికొస్తుంది. సబ్‌స్క్రిప్షన్ డబ్బు వెనక్కి ఇవ్వాలి. తప్పుడు తేదీ వేయమన్న ఆ చాట్ గురించి మీరేం చేశారో కూడా రాయండి, నేనైతే మా ప్రిన్సిపల్ మేడమ్‌కి చూపించేశాను.

నా టైటర్ రెండోసారి వచ్చే నెల చేయిస్తున్నారు. అది 10 దాటి వచ్చినా మీ పోర్టల్ పచ్చగా మారుతుందన్న నమ్మకం నాకైతే లేదు, కాబట్టి ఈలోపే జవాబు ఇవ్వండి.

ఇట్లు,
ఎర్ర గుర్తుతో ఇంకా మీ పోర్టల్‌లోనే ఇరుక్కుని ఉన్న ఒక నర్సింగ్ విద్యార్థిని